బునా చెట్లు లేని వాలు

తోరనై
మార్చి 4, 1968

కిసా తల్లీ,

మూడు రోజుల మంచు తుఫాను ఇవాళ తెల్లవారేసరికి ఆగింది. తలుపు తీద్దామంటే తలుపు ఎక్కడుందో తెలియలేదు. మీ గెంకిచి అన్నయ్య మేడ మీది కిటికీలోంచి దూకి వాకిలి ఎక్కడుందో వెతికి తవ్వాడు. పాట పాడుకుంటూ తవ్వుతున్నాడు. మీ పెద్దమ్మ లోపలినుంచి, "ఒరేయ్, నీ పెళ్లి ఊరేగింపుకి దారి వేస్తున్నావట్రా అంత హుషారు? ముందు పొగగొట్టం దగ్గర తియ్యి, పొయ్యి రాజుకోక ఛస్తున్నాను" అని అరిచింది. అంతా క్షేమమే. ఊళ్లో ఉన్న ఒక్క ఫోను తీగ తెగింది. వసంతం దాకా అతికించరని పోస్టు కంజిరో అంటున్నాడు.

నువ్వు ఆ మంచు పరిశీలన కేంద్రంలో చేరి రెండేళ్లయింది. ఇన్నాళ్లూ మీ పెద్దమ్మ చెప్పింది రాసి పంపడమే గాని నేనుగా నిన్ను అడిగింది ఏమీ లేదు. ఇవాళ ఒకటి అడుగుతున్నాను. నవ్వకు.

మాకు పెద్ద వాలుకి అవతల పని పడింది. ఏం పనో నీకు తెలుసు. వేటగాళ్ల ఇంట్లో పెరిగినదానివి. కొండ మీది మాట ఆడపిల్లకి చెప్పకూడదు, కాబట్టి రాయను. కానీ పెద్ద వాలు మన వాకిట్లోంచి కనబడుతుంది. దాని గురించి అడగడం తప్పు కాదని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ వాలు నాకు అరచేయి లాంటిది. ఎంత మంచు పడ్డాక ఎన్నాళ్లు ఆగాలో మా నాన్న నేర్పాడు, నేను కుర్రాళ్లకి నేర్పాను. కానీ అదంతా వాలు నిండా గొడుగుల్లాంటి పెద్ద పెద్ద బునా చెట్లు ఉన్నప్పటి లెక్క. కలప వాళ్లు వచ్చి కిందటేడు వేసవికి పై నుంచి కింద దాకా ఒక్కటి వదలకుండా కొట్టేశారు. మన ఊరి కుర్రాళ్లే కూలికి వెళ్లి కోశారు. ఇప్పుడు ఆ వాలు నాకు కొత్త మనిషి. ఎప్పుడు కోపం వస్తుందో తెలియదు. గెంకిచి మాత్రం, "ఎప్పుడూ జారలేదు కద నాన్నా, ఇప్పుడెందుకు జారుతుంది?" అంటాడు. వాడి వెనక కుర్రాళ్లంతా అదే పాట. అవతలి లోయ ఊరి వాళ్లు మా కంటే ముందు వెళ్లిపోతారని వాళ్ల ఆత్రం.

మన ఇంట్లో నీ ముందు ఎవరూ పెద్ద బడి గడప తొక్కలేదు. నీకు తెలిసింది చెప్పు. ఎప్పుడు దాటవచ్చు?

తత్సుజో

*

ఎచిగో
మార్చి 6

పెదనాన్న గారికి కిసా నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి, మా గదిలో అందరూ చూస్తున్నారని కూడా మరిచిపోయి లేచి నిలబడ్డాను. మీరు నన్ను అడిగారు. ఊరంతా మిమ్మల్ని అడిగి తెలుసుకుంటుంది, అలాంటి మీరు నన్ను అడిగారు. మా కేంద్రం పెద్ద ఒనొదెరా గారు, "ఏం, పెళ్లి సంబంధమా?" అని వేళాకోళం చేశారు. "కాదండీ, పెద్ద వాలు" అంటే ఆయనకి అర్థం కాలేదు.

పెదనాన్నా, కొత్త మంచు ఎంత పడిందన్నది సగం విషయమే. అది దేని మీద పడిందన్నది మిగతా సగం. నున్నటి చాప మీద బరువైన పరుపు వేశామనుకోండి, చాప వాల్చితే పరుపు మొత్తంగా జారిపోతుంది. మంచు కూడా అలా పలకలా కదులుతుంది. కాబట్టి నాకు రెండు సంగతులు కావాలి.

ఒకటి, తుఫానుకి ముందు వాతావరణం. వాన పడిందా? వాన తర్వాత ఆకాశం తేటగా ఉండి గట్టిగా చలి వేసిందా? అలాంటి రాత్రుళ్లు మంచు మీద చేప పొలుసుల్లాంటి, ఈకల్లాంటి మెరుపు మొలుస్తుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది గాని, దాని మీద కొత్త మంచు పడితే అంతకంటే పాడు పునాది లేదు.

రెండు, ఒక గొయ్యి. మనిషి లోతు తవ్వి, ఒక గోడ నిటారుగా నున్నగా చెక్కండి. పై నుంచి కిందికి ఒక్కో పొరనీ చేత్తో నొక్కి చూడండి. పిడికిలి దిగుతుందా, నాలుగు వేళ్లా, ఒక్క వేలా, కత్తి మొనేనా? మెత్తటి పొర ఎక్కడుంది, గట్టి పొర ఎక్కడుంది, మధ్యలో పంచదారలా రాలే గింజలు ఉన్నాయా? అన్నీ రాయండి. గోతిలో కనబడేది మంచే గాని కొండ కాదు కాబట్టి నాకు రాయవచ్చనుకుంటాను. ఎక్కడ తవ్వాలో మీకు నేను చెప్పే పని లేదు, మీకే తెలుసు.

గెంకిచి అన్నయ్యతో చెప్పండి, ఆత్రం పడితే మంచు ఆగదని. పెద్దమ్మ పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ అయిపోయింది. అడగమని నేను చెప్పలేదు, నా నాలుక చెప్పింది.

మీ
కిసా

*

తోరనై
మార్చి 8

కిసా,

ముల్లంగి వేరే కట్టి పంపుతోంది. కంజిరో, "ఈ వాసనకి నా సంచి పట్టుకుని ఎలుగులు వెంటపడతాయి" అని గొణుక్కుంటూ పట్టుకెళ్లాడు.

నువ్వు అడిగినవి రాస్తున్నాను. కిందటి నెల చివర్లో ఒక పగలంతా వాన పడింది. ఆ వెంటనే ఆకాశం విచ్చుకుంది. రెండు రాత్రుళ్లు నక్షత్రాలు గుచ్చినట్టు కనిపించాయి, నీళ్ల కుండ పగిలింది. ఆ తర్వాత తుఫాను.

గొయ్యి తవ్వాను. నువ్వు చెప్పినట్టే గోడ చెక్కాను. పైన మోకాలి పై దాకా మెత్తటి మంచు, పిడికిలి దిగుతుంది. దాని కింద జానెడు మంచు, నాలుగు వేళ్లు దిగుతాయి. తర్వాత వాన గడ్డకట్టిన పొర, బొటనవేలి మందం, కత్తి మొనే దిగింది. పై మంచు దానికి బాగా అతుక్కుని ఉంది, గోరుతో లాగినా విడిపోలేదు. పంచదార గింజలు లేవు. మెరుపు పొలుసులు లేవు. దాని కింద పాత మంచు, ముతకగా, గట్టిగా.

నేను గోతిలో దిగి గోడని వేలితో పొడుస్తూ ఉంటే గెంకిచి వచ్చి, "నాన్నా, దానికి చక్కిలిగింతలు పెడుతున్నావా?" అన్నాడు. మీ పెద్దమ్మ టీ తెచ్చి గట్టు మీద నిలబడి చూసింది. "ఈ గొయ్యి ఎవరికి? మీకా, నాకు కూడా చోటుందా?" అంది. నవ్వి నవ్వి టీ సగం ఒలికిపోయింది.

ఇక నువ్వు చెప్పాలి. పన్నెండో తేదీన ఎవరూ కొండకి వెళ్లరని నీకు తెలుసు, అది కొండ అమ్మవారి రోజు. ఆ మర్నాడు చన్నీళ్లు పోసుకుని మొక్కుకుంటాం. పద్నాలుగు తెల్లవారుజామున బయలుదేరాలని కుర్రాళ్లు పట్టుబడుతున్నారు. నేను, కిసా మాట వచ్చేదాకా ఎవడూ కాలు కదపకూడదన్నాను.

తత్సుజో

*

ఎచిగో
మార్చి 10

పెదనాన్న గారికి,

ఇంత శుభ్రంగా రాసిన గొయ్యి మా కేంద్రంలో కొత్తగా చేరినవాళ్లు కూడా రాయలేరు. మీ ఉత్తరాన్ని పక్కన పెట్టుకుని పొరలన్నీ కాగితం మీద గీశాను.

రెండు తేట రాత్రుళ్లు అని చదవగానే నా గుండె జారింది. కానీ మీ గోతిలో ఆ మెరుపు పొలుసులు లేవు. వాన పొరకి కొత్త మంచు అతుక్కుంది. మధ్యలో జారుడు లేదు. పద్నాలుగు నాటికి మంచు తన బరువుకి తాను ఇంకా కుదురుకుంటుంది. ఈ లెక్కన పెద్ద వాలు దాటవచ్చు. ఒకరి వెనక ఒకరు, దూరం దూరంగా, ఎండ తగలక ముందే దాటండి. దారిలో కాలి కింద 'ఉఫ్' మని మంచు కూలిన చప్పుడైతే వెనక్కి తిరగండి.

నా మాట కోసం అందరూ ఆగారని చదివినప్పుడు గర్వపడ్డాను. అబద్ధం చెప్పను, చాలా గర్వపడ్డాను.

కిసా

*

తంతి
మార్చి 11

పెద్ద వాలు వెళ్లవద్దు. ఉత్తరం వస్తోంది. కిసా.

*

తోరనై
మార్చి 12

కిసా,

నిన్న సాయంత్రం కంజిరో నీ తంతి తెచ్చాడు. తంతి అనేసరికి మీ పెద్దమ్మ ఎవరో పోయారని ఏడుపు మొదలుపెట్టింది. చదివాక నాలుగు తిట్టింది, నిన్ను కాదు, కంజిరోని. గెంకిచి ముఖం మాడిపోయింది. "సరే, ఉత్తరం వస్తోందిగా, చూద్దాం" అన్నాను.

ఇవాళ మధ్యాహ్నం ఉత్తరం వచ్చింది. అందులో దాటవచ్చని ఉంది. గెంకిచి దాన్ని పెద్దగా చదివి వినిపించాడు, 'ఈ లెక్కన పెద్ద వాలు దాటవచ్చు' అన్న చోట రెండుసార్లు చదివాడు. నిన్న తొందరపడి భయపడ్డావు, తర్వాత కూర్చుని లెక్క చూసి ఈ మాట రాశావు అని అందరం అనుకున్నాం. తంతిలో చెప్పిన ఉత్తరం ఇదే కదా.

నీకు ఒక మాట చెప్పాలి. నా కాళ్లు వద్దంటున్నాయి. ఎందుకో అడిగితే చెప్పలేను. చెట్లు లేని ఆ తెలుపు కనబడితే ముఖం తిప్పుకుంటున్నాను. నువ్వు ఉత్తరం రాయకపోయి ఉంటే ఇంకో వారం ఆగుదాం అనేవాణ్ణి, వేట పెద్దని కాబట్టి వినేవాళ్లు. కానీ అడిగింది నేను. చెప్పింది నువ్వు. చదువుకున్న పిల్ల మాట అడిగి తెప్పించుకుని, నచ్చకపోతే పక్కన పడేస్తే, ఆ చదువుకి ఊళ్లో విలువేముంది? కాబట్టి వెళతాను. ముందు నేనే నడుస్తాను.

మొత్తం పన్నెండు మందిమి అయ్యాం. పన్నెండు మంది కలిసి వెళితే అమ్మవారికి గిట్టదు కదా, నేను చెక్క బొమ్మని చెక్కుతూ కూర్చున్నాను, పదమూడో మనిషిగా. గెంకిచి చూసి, "బొమ్మ ఎందుకు నాన్నా, కిసా ఉత్తరాన్నే పదమూడోవాడుగా తీసుకెళదాం. అది మాట్లాడుతుంది కూడా" అన్నాడు. అందరూ నవ్వారు. ఉత్తరాన్ని మడిచి నిజంగానే చొక్కా లోపల పెట్టుకున్నాడు.

నేను బొమ్మ చెక్కడం మానలేదు.

తత్సుజో

*

కొండ రైలు మొదలయ్యే ఊరు, స్టేషనులోంచి
మార్చి 13, ఉదయం

పెదనాన్నా,

ఇది నా చివరి మాట. పదో తేదీ నాటి ఉత్తరం నా చివరి మాట కాదు.

నిన్న రాత్రి రైల్లో కూర్చున్నాక నాకు తట్టింది. పదో తేదీన వేసిన ఉత్తరం, పదకొండున కొట్టిన తంతి తర్వాత మీకు చేరుతుంది. దాన్నే తంతిలో చెప్పిన ఉత్తరం అనుకుంటారు. అలా అనుకున్నారా? అనుకుని ఉంటే ఆ కాగితాన్ని పొయ్యిలో వేయండి. నేను ఉత్తరం రాస్తే ఆలస్యమని స్వయంగా బయలుదేరాను. ఇక్కడికి వచ్చేసరికి కొండ రైలు ఆగిపోయింది. మంచు తోసే ఇంజను ఒక్కటే పైకి వెళుతోంది, మనుషుల్ని ఎక్కించుకోరట. డ్రైవరు ముందు నిలబడి బతిమాలాను. "అమ్మాయ్, ఇది టపా బండి కాదు" అన్నాడు. పన్నెండు మంది ప్రాణాలండీ అంటే టోపీ తీసి తల గోక్కుని, "అరగంటలో రాసిస్తే పై స్టేషన్లో కంజిరో చేతిలో పెడతా" అన్నాడు. కాబట్టి తొందరగా రాస్తున్నాను. అక్షరాలు బాగోకపోతే క్షమించండి.

ఆ ఉత్తరం వేసిన మర్నాడు మీ గొయ్యి గురించి ఒనొదెరా గారికి చదివి వినిపించాను. టీ సంగతి వచ్చేసరికి ఆయన నవ్వి, "మీ పెద్దమ్మ గారు కూడా వేటకి వెళతారా?" అన్నారు. అప్పుడు నాకు వెలిగింది. పెద్దమ్మ గట్టు మీద నిలబడి టీ ఇచ్చింది. పెద్దమ్మ పెద్ద వాలు ఎప్పుడు ఎక్కింది? మన ఊరి ఆడది ఏది ఎక్కింది? మీరు తవ్వింది ఊళ్లో. బహుశా గుడి వెనక దేవదారు తోపులో.

మీ మీద కోపం లేదు. కొండ మాట ఆడపిల్లకి చెప్పకూడదు, అడిగిన పిల్లని కాదనకూడదు, రెండూ నిలబెట్టడానికి అలా చేశారు. ఆకాశం ఒకటే కదా, పడిన మంచు ఒకటే కదా అనుకున్నారు. తప్పు నాది కూడా. ఎక్కడ తవ్వాలో రాయాల్సినదాన్ని రాయలేదు. చూడని వాలు గురించి దాటవచ్చని రాశాను.

పడిన మంచు ఒకటే, పెదనాన్నా. కింద ఉన్నది ఒకటి కాదు. ఆ మెరుపు పొలుసులు చెట్ల కింద మొలవవు. ఇళ్ల మధ్య మొలవవు. నెత్తిన ఏ అడ్డూ లేకుండా ఆకాశం తెరిచి ఉన్న చోట మొలుస్తాయి. మీ చిన్నప్పటినుంచీ పెద్ద వాలు ఎందుకు జారలేదు? బునా కొమ్మలు దాని మీద గొడుగు పట్టాయి, మొదళ్లు మంచుని మేకుల్లా పట్టుకున్నాయి. ఇప్పుడు గొడుగూ లేదు, మేకులూ లేవు. రెండు రాత్రుళ్లు నక్షత్రాలు గుచ్చినట్టు ఉన్నాయని మీరే రాశారు. ఆ నక్షత్రాల కింద అంత పెద్ద వాలు బట్టతలతో పడుకుంది. 'ఎప్పుడూ జారలేదు' అన్న మాట చెట్లతో పాటే పోయింది. గెంకిచి అన్నయ్యకి ఈ వాక్యం చదివి వినిపించండి. రెండుసార్లు.

వెళ్లవద్దని మళ్లీ చెబితే మీరు ఆగుతారు గాని కుర్రాళ్లు ఆగరు. ఒకసారి ఔనని, ఒకసారి కాదన్న పిల్ల మాట ఎవరు వింటారు? కాబట్టి నా మాట మీద వెళ్లకండి, నా మాట మీద ఆగకండి. మంచునే అడగండి. ఎలాగో చెబుతాను. దీని జవాబు నాకు రాయనక్కర్లేదు, కాబట్టి మీ నియమం చెడదు.

వాలులోకి అడుగు పెట్టకుండా, పక్కనున్న పాత అడవి అంచున ఆగండి. అక్కడ కొట్టేసిన మేరలోనే, పెద్ద వాలు చూసే దిక్కే చూస్తూ, అంతే ఏటవాలుగా ఉన్న చిన్న గట్టు ఉంటుంది, పైన మంచు బరువు లేనిది. నడుముకి తాడు కట్టి ఒక్కరే దిగండి, తాడు బునా చెట్టుకి చుట్టి మిగతావాళ్లు పట్టుకోండి. వాన పొర తగిలేదాకా తవ్వండి. తర్వాత రెండు చేతుల్లో ఇమిడేంత మంచు స్తంభాన్ని నాలుగు వైపులా కోసి విడిగా నిలబెట్టండి. దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు కావలించుకోండి. ముందు మణికట్ల బలంతోనే మీ వైపు లాగండి. రాకపోతే మోచేతుల బలంతో. అప్పటికీ రాకపోతే నడుము వంచి ఒళ్లంతా వేసి లాగండి.

ఒళ్లంతా వేసి లాగినా పలకలా ఊడకుండా గరుగ్గా విరిగితే నేను ఊరికే భయపడ్డాను, అప్పుడు మీ ఇష్టం. మణికట్టుకే, మోచేతికే, పైదంతా నున్నగా కోసినట్టు మీ చేతుల్లోకి వచ్చేస్తే, ఆ వాలంతా అలాగే ఉందని అర్థం. అప్పుడు ఒక్క అడుగు కూడా వేయవద్దు.

ఒక్కటే కోరుతున్నాను. లాగేది మీరు కాదు. గెంకిచి అన్నయ్య లాగాలి.

డ్రైవరు ఈల వేస్తున్నాడు.

కిసా

*

తోరనై
మార్చి 25

కిసా తల్లీ,

అందరం క్షేమంగా తిరిగొచ్చామని మంచు ఇంజను డ్రైవరు చేత నేను పంపిన కబురు నీకు అందిందనీ, అది విని నువ్వు సెలవు అయిపోయి వెనక్కి వెళ్లావనీ కంజిరో చెప్పాడు. పన్నెండో తేదీన నేను రాసిన ఉత్తరం నువ్వు వెళ్లేసరికి నీ గదిలో పడి ఉండి ఉంటుంది. అది చదివి తిట్టుకున్నావా? తిట్టుకో.

కొండ మీద ఏం జరిగిందో రాయను. ఇంట్లో జరిగింది రాస్తాను.

నీ పదమూడో తేదీ ఉత్తరం ఆ రాత్రికే అందింది, పద్నాలుగున తెల్లవారకముందు వెళ్లాం. మీ పెద్దమ్మ మధ్యాహ్నం అన్నానికి బియ్యం కడుగుతూ ఉండగానే పన్నెండు మందిమీ, బొమ్మా, వచ్చేశాం. గెంకిచి మంచు బూట్లు విప్పకుండా పొయ్యి పక్కన కూర్చుని తన రెండు చేతుల వంక చూసుకుంటూ ఉండిపోయాడు. మీ పెద్దమ్మ, "ఏరా, దెబ్బ తగిలిందా?" అంది. "లేదమ్మా" అన్నాడు. "మరి ఆ చేతులకేమైంది?" "ఏం కాలేదు. బరువు లేకుండా వచ్చేసింది" అని నోరు జారాడు. నేను దగ్గాను. వాడు వంగి బూట్లు విప్పుకోవడం మొదలుపెట్టాడు. ఇది ఇంట్లో చూసింది, ఇంట్లో విన్నది, కాబట్టి రాశాను.

తర్వాత సంగతి నీకు నచ్చదు, అయినా చెబుతాను. పెద్ద వాలు జారలేదు. ఇవాళ్టికీ అలాగే ఉంది. రోజూ పొద్దున్నే కుర్రాళ్లు కొట్టు అరుగు మీద చేరి, "తాతా, వాలు ఇంకా ఉందా? ఎవరూ ఎత్తుకుపోలేదు కదా?" అని నన్ను ఆటపట్టిస్తున్నారు. అవతలి ఊరి వాళ్లు వెనక శిఖరం మీదుగా తిరిగి వెళ్లి ఎలుగుని కొట్టారు. సంతలో అందరూ చెప్పుకుంటున్న మాట కాబట్టి రాస్తున్నాను. మాంసం వాటాలు వేసుకుని, మన కంజిరో చేతికి ఒక ఎముక కూడా ఇచ్చారట, "మీ ఊరి చదువుకున్న పిల్లకి పులుసు కాచి పెట్టండి" అని.

జారలేదు కాబట్టి నువ్వు చెప్పింది తప్పా? మొదటి రాత్రి నేనూ అలా అనుకున్నాను. రెండో రోజుకి తేలిపోయింది. వాలు మీద పన్నెండు మంది బరువు పడలేదు, అందుకని అది ఊరుకుంది. అంతే. వెక్కిరించడానికి కుర్రాళ్లు అందరూ బతికి ఉన్నారు, లెక్క సరిపోయింది. ఈ మాట అరుగు మీద గట్టిగానే అన్నాను. నవ్వారు. అప్పుడు గెంకిచి లేచి, "నవ్వేవాడు రేపు నాతో రండిరా, ఒక్కొక్కడి చేతిలో పెడతాను" అన్నాడు. ఎవడూ వెళ్లలేదు.

ఇప్పుడు అసలు సంగతి.

నిన్న వేటగాళ్ల సమావేశం పెట్టాను. నేను అడిగింది ఒక్కటే. "ఊళ్లో తవ్వి పంపితే పిల్ల తప్పు చెప్పింది. వాలులో తవ్వినదాన్ని ఆ పిల్లకి చెప్పకూడదు. వాలులోకి ఆ పిల్ల రాకూడదు. మరి ఆ చదువు మనకి ఎలా పనికొస్తుంది?" అందరికంటే పెద్దవాడు, కన్ను సరిగా ఆనదు, మోహెయి తాత, గొంతు సవరించుకుని నన్నే అడిగాడు.

"తత్సుజో, అమ్మవారు ఎక్కడుంటుంది?"

"కొండ మీద."

"కొండ మీద ఎక్కడరా? రాయిలోనా?"

"చెట్టులో" అన్నాను.

"మరి పెద్ద వాలు మీద చెట్టుందా?"

లేదన్నాను.

"అయితే అక్కడ అమ్మ లేదు. మొక్కకుండా, ఒక్క మాట అడక్కుండా ఆవిడ ఇల్లు కొట్టుకుని అమ్ముకున్నారు. ఆవిడ వెళ్లిపోయింది. అమ్మ లేని చోట ఆడపిల్ల అడుగు పెడితే ఎవరికి కోపం?" అని చుట్ట వెలిగించుకున్నాడు.

గెంకిచి తల దించుకున్నాడు. రంపం పట్టినవాళ్లలో వాడూ ఉన్నాడు కదా. ఆ చుట్టూ కూర్చున్న ఇంకో నలుగురూ తల దించుకున్నారు. అలా తీర్మానం అయింది. నువ్వు పెద్ద వాలు మీద కాలు పెట్టవచ్చు. మన ఊళ్లో ఇంతవరకు ఏ ఆడదానికీ లేని అనుమతి. ఇది నీకు సంతోషంగా రాయాల్సిన మాట. నేను ఏడుస్తూ రాస్తున్నానని మీ పెద్దమ్మ అంటోంది. పొయ్యి పొగ అని చెప్పాను.

వచ్చే చలికాలం తుఫానులకి రా. పాత అడవి మేర దాకా నేను వస్తాను, తాడు నేను పట్టుకుంటాను. నువ్వు గోతిలో నిలబడి కనిపించింది గట్టిగా అరిచి చెప్పు. కొండ మాట ఆడదానికి చెప్పకూడదని ఉంది గాని, ఆడది చెబితే మగవాడు వినకూడదని ఎక్కడా లేదు.

తత్సుజో

*

ఎచిగో
మార్చి 28

పెదనాన్నా,

వస్తాను. చలికాలం దాకా ఆగను. మే నెలలో మంచు కరిగి మట్టి కనబడగానే వస్తాను, తర్వాత మళ్లీ మొదటి తుఫానుకి వస్తాను, ప్రతి ఏడూ వస్తాను. ఒనొదెరా గారిని అడిగాను. "సొంత ఊరి వాలు మీద పరిశీలన అంటే జీతం తక్కువ, చలి ఎక్కువ" అన్నారు. సంతకం పెట్టారు.

కుర్రాళ్లని వెక్కిరించనివ్వండి. జారని వాలు గురించి నేను రాసింది తప్పు అని ఒప్పుకోను. గెంకిచి అన్నయ్య చేతుల్లోకి బరువు లేకుండా ఏది వచ్చిందో నాకు ఎవరూ చెప్పలేదు, నాకు ఏమీ తెలియదు. తెలియకుండానే, వాళ్లు తిరిగి వచ్చిన రోజు కబురు విని స్టేషను బల్ల మీద కూర్చుని ఏడ్చాను. ఎలుగు ఎముకకి కృతజ్ఞతలు చెప్పండి. పెద్దమ్మ పులుసు కాస్తే నా వాటా ఉంచమనండి.

మోహెయి తాత తీర్మానాన్ని మళ్లీ మళ్లీ చదివాను. చిన్నప్పుడు వాకిట్లో నిలబడి ఆ వాలు వంక చూస్తూ, ఒక్కసారి ఎక్కాలని ఎంత అనుకున్నానో మీకు తెలియదు. అనుమతి ఇలా వస్తుందని అనుకోలేదు. అమ్మ వెళ్లిపోయిన ఇంట్లోకి, తలుపు తీసే ఉంది రమ్మని పిలిస్తే వెళుతున్నట్టుంది. అయినా వెళతాను. ఆ ఇంటి మీద నుంచే మీరంతా నడవాలి కాబట్టి వెళతాను.

మేలో వచ్చేటప్పుడు రంపం పట్టిన ఐదుగురినీ సిద్ధంగా ఉండమనండి. తలో పార తెచ్చుకోమనండి. పాత అడవిలో నేల మీద పడి మొలిచిన బునా మొక్కలు ఉంటాయి కదా, అక్కడికి నేను రాకూడదు, వాటిని వాళ్లే వేళ్లతో సహా తవ్వి మేర దాకా తేవాలి. వాలు మీద నాటేది నేను. వాలు పై భాగాన, మంచు పలక మొదలయ్యే చోట, అడ్డంగా వరసలు. బునా నెమ్మదిగా పెరుగుతుంది. మంచుని పట్టుకునేంత లావు కావడానికి మా తరం చాలదు. తెలుసు. అంతవరకు ప్రతి తుఫాను తర్వాత తవ్వి చూడాల్సిందే, కావలించుకుని లాగాల్సిందే.

గెంకిచి అన్నయ్య ఒక మాట అంటాడని నాకు తెలుసు. "నీకు పిచ్చా? చెట్లు పెరిగితే అమ్మవారు తిరిగొస్తుంది, నిన్ను మళ్లీ వాలు మీదికి రానివ్వరు" అంటాడు. అనమనండి. అమ్మ వచ్చి తన చోటు అడిగిన రోజున, పార భుజాన వేసుకుని, మాట్లాడకుండా దిగి వచ్చేస్తాను. ఆ రోజు కోసమే నాటుతున్నాను.

కిసా